పెంకులో చిక్కుకున్న కోడిపిల్లకు ఎప్పుడు చేయి అందించాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాటు కోళ్లను పెంచుతున్నాను. ఈ ఎండాకాలంలో కొన్ని గుడ్లను కోడి కింద పొదగేసి, మిగిలిన వాటిని థర్మాకోల్ పెట్టెలో బల్బు అమర్చి చేసుకున్న చిన్న ఇంక్యుబేటర్‌లో పెట్టాను. 21వ రోజు పొద్దున పెట్టెలోని గుడ్లకు కన్నాలు పడ్డాయి. ఒక పిల్ల సాయంత్రం దాకా కన్నం దగ్గరే ఆగిపోయిందని నేనే పెంకు ఒలిచాను. నెత్తురు కారి రాత్రికల్లా చనిపోయింది. ఆ భయంతో ఇంకో గుడ్డును ముట్టుకోలేదు. మర్నాడు రాత్రికి అందులోని పిల్ల కూడా చనిపోయింది. పెంకు తీసి చూస్తే పొర ఎండిపోయి పిల్ల ఒంటికి అతుక్కుని ఉంది. పెంకు పగలగొట్టుకుని రాలేని పిల్ల ఎట్లాగూ బతకదు, ముట్టుకోవద్దు అని మా అత్తమ్మ అంటుంది. ముట్టుకున్నదీ పోయింది, ముట్టుకోనిదీ పోయింది. అసలు ఎప్పుడు సాయం చేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని రెండు పిల్లలూ వేర్వేరు కారణాలతో చనిపోయాయి. మొదటి పిల్ల బయటికి రావలసిన సమయం ఇంకా కాకముందే మీరు పెంకు తీశారు. రెండో పిల్లకు ఆ సమయం వచ్చి దాటిపోయింది, అయితే అది ఆగిపోయింది తన బలహీనత వల్ల కాదు, చుట్టూ ఉన్న గాలి పొడిబారడం వల్ల. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి చూడటం వల్లే ముట్టుకోవాలా వద్దా అన్న చిక్కు మీకు ఎదురైంది. 21వ రోజు దాటిందా అనేది గానీ, కన్నం ఎంత పెద్దది అనేది గానీ ఇక్కడ కొలమానం కాదు. పెంకు లోపలి పొరలో పారుతున్న రక్తం పూర్తిగా పిల్ల ఒంట్లోకి చేరిందా లేదా అన్న ఒక్క విషయాన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

ఇది అర్థం కావాలంటే చివరి 3 రోజుల్లో గుడ్డు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. గుడ్డు మొద్దు కొన వైపు ఒక గాలి గది ఉంటుంది. 18వ రోజు దాకా పిల్ల తన ముక్కుతో గాలి పీల్చదు. పెంకుకు లోపలివైపు అంతటా పరుచుకున్న ఒక పొరలోని రక్తనాళాలే, పెంకుకున్న సన్నని రంధ్రాల గుండా ప్రాణవాయువును తీసుకుని పిల్లకు అందిస్తాయి. పిల్ల పెరిగి గుడ్డు నిండిన కొద్దీ ఆ గాలి దానికి చాలదు, లోపల బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది, ఆ పెరుగుదల వల్లే మెడ వెనకనున్న కండరం కదలడం మొదలై, పిల్ల తన ముక్కుతో గాలి గది పొరను పొడిచి మొదటిసారి ఊపిరి తీసుకుంటుంది. సాధారణంగా 19, 20 రోజుల్లో జరిగే ఈ పని బయటికి కనబడదు. చీకట్లో గుడ్డు మొద్దు కొనకు మొబైల్ టార్చి ఆనించి చూస్తే గాలి గదిలో ముక్కు నీడ కదలడం కనిపిస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కిచకిచలు వినిపిస్తాయి. అక్కడి నుంచి 12 గంటల మొదలు 24 గంటల లోపల, పై ముక్కు కొనమీద ఉండే చిన్న పంటి వంటి గట్టి మొనతో పెంకును బయటికి పగలగొడుతుంది. మీరు చూసిన కన్నం ఇదే.

కన్నం పడింది కాబట్టి పిల్ల ఇక బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కన్నం ఊపిరి కోసం చేసుకున్న కిటికీ మాత్రమే. అది పడిన తర్వాత 12 నుంచి 24 గంటల పాటు పిల్ల పైకి ఏ పనీ చేయనట్టే కనిపిస్తుంది. ఆ సమయంలోనే ఊపిరితిత్తులు పూర్తిగా పనికి వస్తాయి, పొరలోని రక్తనాళాలు మెల్లగా ఖాళీ అయి ఆ రక్తం బొడ్డు గుండా ఒంట్లోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన సంచి కడుపులోకి ముడుచుకుని బొడ్డు మూసుకుంటుంది. ఆ పచ్చసొనే పుట్టిన తర్వాత 2 రోజుల పైచిలుకు దానికి ఆహారం. మీరు పొద్దున కన్నం చూసి సాయంత్రం ఒలిచారు, అంటే సుమారు 12 గంటలకు. అది ఆగిపోయిన పిల్ల కాదు, లోపల పని చేసుకుంటున్న పిల్ల. పెంకుతో పాటు రక్తం నిండి ఉన్న పొర చిరిగింది. గుప్పిట్లో పట్టేంత పిల్ల ఒంట్లో ఉండే రక్తం ఎంతో తక్కువ, అందులో కొన్ని చుక్కలు పోయినా అది తట్టుకోలేదు.

అందుకని కన్నం కనబడగానే చేయవలసిన మొదటి పని, పెంకు మీద పెన్సిల్‌తో ఆ సమయం రాసిపెట్టడం. రాత్రి నిద్రలేచి చూసినప్పుడు ఏ గుడ్డుకు ఎప్పుడు కన్నం పడిందో ఎవరికీ గుర్తుండదు, ఆత్రంలో 6 గంటలు కూడా ఒక రోజంత అనిపిస్తాయి. కన్నం పడిన తర్వాత 24 గంటల దాకా, పిల్ల అరుస్తూ కదులుతూ ఉన్నంతవరకు, పెంకు జోలికి వెళ్లనే వద్దు. ఆ పైన పరీక్షించడం మొదలుపెట్టాలి. పరీక్షించడం అంటున్నాను, ఒలవడం అనడం లేదు.

అయితే దీనికి ఒక తేడా ఉంది. కన్నం దగ్గర ఆగిన పిల్ల వేరు, పెంకును చుట్టూ కోయడం మొదలుపెట్టి మధ్యలో ఆగిన పిల్ల వేరు. సిద్ధమైన పిల్ల కన్నం నుంచి బయలుదేరి, మొద్దు కొన నుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతూ, పెంకు మీద చుట్టూ ఒక గీతలాగా పగలగొట్టుకుంటూ పోతుంది. కొన్ని పిల్లలు అరగంటలో ఆ చుట్టు పూర్తి చేస్తాయి, కొన్ని కొన్ని గంటలు తీసుకుంటాయి. చుట్టు మొదలైందంటే రక్తం చాలావరకు ఒంట్లోకి చేరినట్టే. కనుక పావు వంతో మూడో వంతో కోసి, అక్కడే 5, 6 గంటలు ఆగిపోయి, అరుపు తగ్గుతూ వస్తున్న పిల్ల కోసం 24 గంటలు కాచుకోవలసిన అవసరం లేదు. దానికి ముందుగానే సాయం చేయవచ్చు.

ఇక రెండో పిల్ల. పొర ఎండి ఒంటికి అతుక్కుపోవడం మన వైపు ఇంక్యుబేటర్లలో తరచుగా జరిగే నష్టం, దానికి మన వాతావరణం కూడా ఒక కారణం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు 43, 44 డిగ్రీల ఎండలో వడగాలి కొట్టేటప్పుడు గాలిలో తేమ బాగా పడిపోతుంది. ఉతికి ఆరేసిన మందపు దుప్పటి కూడా గంట తిరగక ముందే ఆరిపోయే ఆ గాలి, కన్నం పడిన గుడ్డులోకి దూరితే లోపలి పొరను ఎంతసేపు తడిగా ఉండనిస్తుంది? మొదటి 18 రోజులు పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం ఉన్నా సరిపోతుంది కానీ, చివరి 3 రోజులు 65 శాతానికి తగ్గకూడదు, 70 ఉంటే ఇంకా మంచిది. ఆ రోజుల్లో గుడ్లు తిప్పడం కూడా ఆపేయాలి. మూత తీసిన ప్రతిసారీ లోపలి తడి గాలి ఒక్కసారిగా బయటికి పోయి, గది పొడిగాలి లోపలికి వస్తుంది, మూత పెట్టిన తర్వాత తేమ మళ్లీ మొదటి స్థాయికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఒక పిల్ల పుట్టగానే దాన్ని తీయడానికి, రెండోది పుట్టగానే దాన్ని తీయడానికి, మధ్యలో ఇంట్లోని చిన్నపిల్లలకు చూపించడానికి మూత తీస్తూ ఉంటే, ఆ నష్టమంతా ఇంకా పెంకు లోపల ఉన్న కోడిపిల్లల మీద పడుతుంది. పుట్టిన పిల్లలు పచ్చసొన బలంతో ఒక రోజంతా నీళ్లూ దాణా లేకున్నా పెట్టెలో హాయిగా ఉంటాయి, వాటి కోసం మీరు మూత తీయనక్కరలేదు. పైగా వాటి అరుపులు విని లోపలి పిల్లలు కూడా కదులుతాయి.

మీ అత్తమ్మగారి మాటను నేను కొట్టిపారేయను. ఆమె చూసింది గంప కింద కోడి పొదిగిన గుడ్లను. కోడి పొట్ట కింద ఈకలు రాలి బయటపడిన చర్మం గుడ్లకు నేరుగా తగులుతుంది, ఆ వేడీ ఆ తడీ మనం అమర్చలేనంత నిలకడగా ఉంటాయి. ఆ పరిస్థితిలో కూడా బయటికి రాలేని పిల్ల చాలాసార్లు లోపమున్న పిల్లే, కాబట్టి అక్కడ ముట్టుకోవద్దు అనడం అనుభవంతో చెప్పిన మాట. కానీ మీ పెట్టెలోని పిల్లను ఆపింది మనం కట్టిన పెట్టె లోపం. మనం ఎండబెట్టిన పొరను మనమే తడపడం ఆ పిల్లకు చేసే మేలు కాదు, మన బాధ్యత. ఈ విషయంలో నా అభిప్రాయం ఇంత గట్టిగా ఉండటానికి కారణం, పొర ఎండి చనిపోయిన పిల్లలు బయటికి తీసి చూస్తే ఏ లోపమూ లేకుండా, పూర్తిగా ఎదిగి, పచ్చసొన కడుపులోకి చేరి, బొడ్డు మూసుకుని ఉంటాయి. మీ రెండో పిల్లను గుర్తు చేసుకుని చూడండి, అదీ అలాగే ఉండి ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. 24 గంటలు దాటిన గుడ్డును తీయడానికి ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి. ఫ్యాను ఆపి, తలుపు వేసిన గదిలో, సబ్బుతో చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్లలో పిండిన మెత్తని గుడ్డ, కొన్ని ఇయర్ బడ్స్, కొద్దిగా కొబ్బరినూనె, స్పిరిట్‌తో తుడిచిన చిన్న ట్వీజర్, ఒక టార్చి దగ్గర పెట్టుకోండి. గుడ్డును తడిగుడ్డలో చుట్టి, కన్నం మాత్రమే కనబడేట్టు పట్టుకోండి. మొదట చూడవలసింది కన్నం అంచున కనబడే పొర రంగు. తెల్లగా మెత్తగా ఉండి, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా కదులుతూ ఉంటే పిల్ల ఇంకా తన పనిలో ఉన్నట్టు. మూత పెట్టి తేమ పెంచి వదిలేయాలి. పసుపు రంగుకో గోధుమ రంగుకో తిరిగి, బిరుసెక్కి, పిల్ల ముక్కుకో రెక్క నూగుకో అంటుకుని ఉంటే అది ఎండిపోయినట్టు.

తర్వాత ముక్కును చూడండి. పిల్ల నోరు తెరిచి మూస్తూ, ఏదో నములుతున్నట్టు ముక్కు కదిలిస్తూ ఉంటే పచ్చసొన ఇంకా లోపలికి చేరుతున్నదని అర్థం. ఎంత ఆలస్యమైనట్టు కనిపించినా అలాంటి పిల్లను బయటికి లాగకూడదు. ఆ కదలిక ఆగి, పిల్ల మెడతో పైకి నెట్టడానికి ప్రయత్నిస్తూ, ఆ నెట్టుడుకు పెంకు లొంగకపోతే, సాయం చేయవలసిన పిల్ల అది. అరుపును కూడా వినండి. మామూలుగా ఆగి ఆగి సన్నగా కిచకిచమనే పిల్ల, గట్టిగా తెరిపి లేకుండా అరవడం మొదలుపెట్టి, తర్వాత ఆ అరుపు క్రమంగా నీరసపడుతూ ఉంటే ఇక ఎక్కువ సమయం లేదని గుర్తు. ఒక్క అరుపును బట్టి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు, చాలా పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండానే గట్టిగా అరుస్తాయి.

సాయం చేయాలని తేలితే, మొదటి సాయం తడపడమే. ఇయర్ బడ్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి, కారకుండా పిండి, ఎండిన పొర మీద మెల్లగా అద్దండి. ముక్కు రంధ్రాల దగ్గరికి నీరు గానీ నూనె గానీ చేరకూడదు, చేరితే పిల్లకు ఊపిరాడదు. పొర మెత్తబడ్డాక కొబ్బరినూనె చాలా పలుచగా రాస్తే మళ్లీ త్వరగా ఎండదు. ఇలా తడిపి, పెట్టెలో తేమ పెంచి, గుడ్డును తిరిగి లోపల పెట్టి 3, 4 గంటలు వదిలేయండి. కొన్ని పిల్లలకు ఈ మాత్రం చాలు, మిగతా పని అవే చేసుకుంటాయి. మీ రెండో పిల్లకు కావలసింది బహుశా ఈ తడి ఒక్కటే.

అప్పటికీ కదలిక లేకపోతే పెంకు తీయడం మొదలుపెట్టాలి. అదికూడా గాలి గది ఉన్న మొద్దు కొన మీదనే. టార్చి ఆనించి గాలి గది అంచు ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో చుట్టూ గీత గీసుకోండి. ఆ గీతకు పైనున్న పెంకు కింద రక్తం ఉండదు, గీతకు కింద ఉంటుంది. కన్నం అంచు నుంచి గోరు కొనంత ముక్కలుగా, పెంకును లోపలికి నొక్కకుండా బయటికి ఎత్తుతూ తీయండి. పెంకు కింద ఉల్లిపొర లాంటి తెల్లని పొర కనబడుతుంది. దాన్ని వెంటనే చించవద్దు. తడి బడ్‌తో ఒకసారి అద్దితే ఆ తెల్లదనం పలుచబడి, కింద ఎర్రని దారాల వంటి రక్తనాళాలు ఉన్నవీ లేనివీ తేటగా కనిపిస్తాయి. ఎర్రగా నిండుగా కనిపిస్తే అక్కడితో ఆపి, తడిపి, పెట్టెలో పెట్టి, 4 నుంచి 6 గంటల తర్వాత మళ్లీ చూడాలి. నాళాలు కనబడకుండా పోయి పొర ఖాళీగా ఉంటే, ముక్కు మీద ఉన్న పొరను మెల్లగా తొలగించి, పిల్ల తిరిగే దిశలోనే పెంకును ఇంకొంచెం తీయవచ్చు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి నెత్తురు చుక్క కనిపిస్తుంది. కంగారు పడి పని త్వరగా ముగించాలని చూడకండి, అప్పుడే ఆపాలి. శుభ్రమైన దూదిని ఆ చోట తేలికగా ఒక నిమిషం అదిమి పట్టి, నెత్తురు ఆగిన తర్వాత గుడ్డును లోపల పెట్టేసి, కనీసం 6 గంటలు దాని జోలికి వెళ్లకండి. మీ మొదటి పిల్ల విషయంలో తొలి చుక్క కనబడగానే ఆపి ఉంటే అది బతికే అవకాశం ఉండేది. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలో మీకు తెలియాలనే ఇది చెబుతున్నాను, మిమ్మల్ని నిందించడానికి కాదు.

తల, మెడ, ఒక రెక్క బయటపడేంత పెంకు తీశాక మీ పని ముగిసినట్టే. కింది సగం పెంకును మీరు ఎప్పుడూ తీయకండి, పిల్లను పట్టి లాగకండి. పచ్చసొన మిగిలి ఉంటే అది ఆ అడుగునే, బొడ్డుకు అంటుకుని ఉంటుంది, మీకు కనబడదు. తడిగుడ్డ మీద ఆ సగం పెంకును పక్కకు ఆనించి పెట్టెలో పెడితే, సిద్ధమైన పిల్ల కాళ్లతో తన్నుకుని గంటల్లో బయటికి వస్తుంది. ఆ తన్నుడు దాని కాళ్లకు కూడా మంచిది. వచ్చిన తర్వాత బొడ్డు నుంచి సన్నని దారం వేలాడుతూ ఉంటే కత్తిరించవద్దు, తెంపవద్దు. అది ఎండి దానంతటదే రాలిపోతుంది. బొడ్డు దగ్గర పచ్చసొన కొంచెం బయటే ఉంటే, పిల్లను శుభ్రమైన తడిగుడ్డ పరిచిన చిన్న గిన్నెలో ఎక్కువ కదలకుండా పెట్టి, ఇంక్యుబేటర్‌లోనే ఉంచాలి. కొన్నిసార్లు ఒక రాత్రిలో అది లోపలికి పోతుంది. బొడ్డుకు బెటాడిన్‌ను ఇయర్ బడ్‌తో అద్దండి. పసుపు గానీ బూడిద గానీ దట్టించవద్దు, పచ్చిగా ఉన్న బొడ్డు గుండా చేరే మలినమే పిల్లలు మొదటి వారంలో పొట్ట ఉబ్బి చనిపోవడానికి ముఖ్య కారణం.

రెండు సందర్భాల్లో మాత్రం పై లెక్క మారుతుంది. టార్చి వెలుతురులో ముక్కు నీడ గాలి గదిలో కనబడి, అరుపు వినబడి, 24 గంటలు గడిచినా పెంకుకు కన్నం పడకపోతే, ఆ గది గాలి అయిపోయి పిల్ల ఊపిరాడక చనిపోవచ్చు. అప్పుడు కాల్చి చల్లార్చిన సూదితో మొద్దు కొన పైభాగాన, గాలి గది నడిమధ్యన, పెసర గింజ కంటే చిన్న రంధ్రం చేసి వదిలేయాలి. గాలి ఆడటానికే ఆ రంధ్రం, దాన్ని పెద్దది చేయకూడదు. ఇక కన్నం సన్నని కొన వైపు పడితే పిల్ల తలకిందులుగా ఉన్నట్టు. అలాంటి వాటిలో కొన్ని తమంతట తామే వస్తాయి, కొన్ని చుట్టూ తిరగడానికి చోటు లేక అలిసిపోతాయి. ఆ వైపు గాలి గది ఉండదు కాబట్టి పెంకు తీసిన ప్రతి చోటా రక్తం ఉండవచ్చు. ఇక్కడ ఇంకా ఎక్కువసేపు వేచి చూసి, ముక్కు చుట్టూ ఊపిరికి అడ్డం లేకుండా చేసి, తడిగా ఉంచడమే ముఖ్యం.

కోడి కింద ఉన్న గుడ్ల విషయంలో అత్తమ్మగారి మాటే వినండి. చేయి పెట్టి మాటిమాటికీ చూస్తే కోడి బెదిరి లేచి, గుడ్లను తొక్కే ప్రమాదం ఉంది. మీరు జాగ్రత్త పడవలసిన సమయం ఒకటే ఉంది. మొదట లేచిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లో మేతకు తిరగాలని చూస్తాయి, కోడి వాటి వెంట గంప వదిలి వెళ్తుంది, వెనక మిగిలిన గుడ్లు చల్లబడతాయి. వాటిలో కన్నం పడినవి, చెవి దగ్గర పెడితే చప్పుడు వినబడేవి ఉంటే వెంటనే తెచ్చి పెట్టెలో పెట్టుకోండి. గుడ్లన్నీ ఒకే రోజు పొదగేయకపోతే, లేదా పక్క కోడి వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టి పోతే ఈ ఇబ్బంది ఎక్కువ అవుతుంది. పొదగేసిన రోజునే ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీస్తే, గీత లేని కొత్త గుడ్డును మర్నాడే తీసేయవచ్చు. నీళ్లలో వేసి కదిలితే పిల్ల ఉన్నట్టు అని చూసే పద్ధతి మన పల్లెల్లో ఉంది. సన్నని పగులైనా ఉన్న గుడ్డును నీళ్లలో వేస్తే లోపలి పిల్ల మునిగి చనిపోతుంది కాబట్టి చివరి రోజుల్లో ఆ పరీక్ష చేయవద్దు.

అన్నీ సరిగ్గా చేసినా కొన్ని పిల్లలు బతకవు. సాయంతో బయటికి వచ్చి, ఒక రోజు గడిచినా నిలబడలేక, మెడ నిలపలేక, కళ్లు తెరవక ఉన్న పిల్లను బతికించడం కష్టం. కాళ్లు రెండు పక్కలకు జారిపోయే పిల్ల మాత్రం బాగుపడుతుంది. మొదటి రోజునే రెండు కాళ్లను బ్యాండ్‌ఎయిడ్‌తో వేలి వెడల్పు దూరంలో కలిపి, కింద గరుకు గుడ్డ పరిచి, 3, 4 రోజులు ఉంచాలి. పాత పేపర్ల మీద పిల్లలను వదలడం వల్లే కాళ్లు జారే బాధ ఎక్కువ. ఒకే కోడి గుడ్ల నుంచి ప్రతిసారీ వంకర వేళ్ల పిల్లలో, పెంకు కొట్టలేని పిల్లలో వస్తుంటే తల్లి కోడి మేతను చూడండి. నూకలు, తవుడు మాత్రమే తినే కోళ్లకు విటమిన్లు చాలవు, మునగాకు, తోటకూర వంటి ఆకుకూరలు రోజూ వేయండి.

వచ్చే విడతలో ఈ పని మీకు తక్కువ పడాలంటే ముందు థర్మామీటర్‌ను సరిచూడండి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు, ఫ్యాను లేని మీలాంటి బల్బు పెట్టెలో గుడ్ల పైభాగం దగ్గర 38.5 చుట్టూ ఉండాలి. తక్కువ ధర మీటర్లు ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపడం మామూలే, ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్‌ను పక్కన పెట్టి పోల్చుకోండి. వేడి ఎక్కువైతే పిల్లలు 19, 20 రోజులకే పచ్చి బొడ్డుతో వస్తాయి, తక్కువైతే 22, 23 రోజులకు నీరసంగా వస్తాయి. ఒక్క రోజు ఆలస్యాన్ని చూసి పెంకు ఒలిచే తప్పు చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. తేమ కోసం పెట్టెలో వెడల్పు గిన్నెలో స్పాంజి వేసి, చిన్న పైపు ఒకటి మూత గుండా ఆ గిన్నెలోకి దించండి, మూత తీయకుండానే గోరువెచ్చని నీళ్లు పోయవచ్చు. ఈ ఎండల్లో గుడ్లను 5 రోజులకు మించి నిల్వ చేయకండి. గది వేడికే లోపల పిండం ఎదుగుదల మొదలై ఆగిపోతుంది, అలాంటి గుడ్డు పొదిగినా బలమైన పిల్ల రాదు. నీళ్ల కుండ పక్కన తడి ఇసుక మీద గోనెపట్టా పరిచి, దాని మీద పెట్టుకోవడం ఉన్నంతలో మంచిది.

సాయంతో పుట్టిన పిల్ల ఆరి, నూగు విచ్చుకుని, గట్టిగా నిలబడిన తర్వాత మిగతా పిల్లలతో కలపండి. అంతకుముందే కలిపితే అవి తడి బొడ్డును పొడుస్తాయి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉంచి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకు కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్కల మందు దీనికీ తప్పనిసరి, మండలంలోని పశువైద్యశాలలో అడిగి వేయించండి. మీ పొదిగిన కోడికి అదే వారంలో పిల్లలు లేచి ఉంటే, పెట్టెలోని పిల్లలను కూడా దానికే అప్పగించవచ్చు. పగలు తెచ్చి వదిలితే కోడి పొడిచి తరుముతుంది. చీకటి పడి కోడి రెక్కలు పరుచుకుని కూర్చున్న తర్వాత, దీపం వెలిగించకుండా, ఒక్కొక్క పిల్లను వెనక వైపు నుంచి దాని పొట్ట కిందికి జరపండి. తెల్లవారి గంప ఎత్తగానే అరగంట అక్కడే నిలబడి చూడండి. ఏ పిల్లనైనా కోడి పొడుస్తుంటే దాన్ని తిరిగి బల్బు కిందికి తెచ్చుకోండి.